అప్పలస్వామి మావ కట్టిన ఆఖరి అంట్లు

జూన్ 10

ముందుగా తెలుగు సాహిత్యానికి, తరువాత కాగితం కోసం ప్రాణాలర్పించిన చెట్లకు, ఆపైన ఈ డైరీని ఉచితంగా ఇచ్చిన పలాస ఎరువుల కొట్టు యజమానికి నా హృదయపూర్వక క్షమాపణలు. ఇందులో నేను రాయబోయే దాని వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ ఉండదు. బి.ఎస్సీ. బాటనీ, టెక్కలి కాలేజీ, రెండో ప్రయత్నంలో ఉత్తీర్ణుడైన సూర్యప్రకాష్ అనే నేను, గ్రూప్-2 పరీక్షకు చేతిరాత బాగుచేసుకునే నిమిత్తం మాత్రమే ఈ పని మొదలుపెడుతున్నాను. దుఃఖం, మనోవేదన మొదలైనవి ఇందులో కనిపిస్తే అవి అచ్చుతప్పులుగా భావించాలి.

నిన్న పొద్దున్న పక్కింటి అప్పలస్వామి మావ చనిపోయాడు.

ఈ రోజుకి ఇంతే. చేతిరాత బాగానే ఉంది.

జూన్ 11

భావి పరిశోధకుల సౌకర్యార్థం కొన్ని వివరాలు. అప్పలస్వామి మావ నాకు చుట్టం కాడు. మా రెండిళ్ల మధ్య ఒక తాటాకు దడి ఉంది. ఆ దడికి నేను చిన్నప్పుడు దూరేంత కంత ఉండేది. నేను పెరిగినకొద్దీ ఆయన ఆ కంతను పెద్దది చేస్తూ వచ్చాడు. మా బంధుత్వం అంతే.

ఆయన జీడి అంట్లు కట్టేవాడు. రెండు నెలల పిల్లమొక్క తల కోసి, మధ్యకి చీల్చి, ఆ చీలికలో మంచి తల్లిచెట్టు పుల్లను రెండువైపులా ఏటవాలుగా చెక్కి దిగేసి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టి, పైన సన్నటి పాలిథిన్ టోపీ తొడగడం. మా ప్రొఫెసరు ఈ సంగతిని బోర్డు మీద నాలుగు బొమ్మలేసి గంటసేపు చెప్పాడు. మావ నిమిషన్నరలో చేసేవాడు, మధ్యలో నన్ను తిట్టడంతో సహా. సోంపేట నుంచి సంతబొమ్మాళి దాకా రైతులు ఆయన చేతి మొక్కంటే రెండేళ్లు ఆగేవాళ్లు. హస్తవాసి అనేవాళ్లు. నేను శాస్త్రీయ దృక్పథంతో ఆ మాటను ఖండించేవాణ్ణి.

"సైంటిస్టు గోరికి కోపమొచ్చీసినాది. ముందు వెయ్యి పుల్లలు సెక్కరా, తరవాత ఖండిద్దువు గాని," అనేవాడు.

మూడు వందల దాకా చెక్కాను. మిగతావి బాకీ.

జూన్ 12

ఆయన కిడ్నీల గురించి రాయను. మా వైపు ప్రతి వీధిలోనూ ఆ కథ ఉంది, అందరికీ కంఠస్థమే. పలాసలో వారానికి రెండుసార్లు డయాలసిస్, మిగతా రోజుల్లో అంట్లు. ఎడమచేతికి సూదులు గుచ్చే చోటు ఉబ్బి ఉండేది కనుక ఆ చెయ్యిని పసిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకుని, వేళ్లు మాత్రం పనిలో పెట్టేవాడు.

దొడ్లో, కొబ్బరాకుల పందిరి కింద ఆయన కట్టిన ఆఖరి అంట్లు నూట అరవై ఉన్నాయి. ఎనిమిది వరసలు, వరసకి ఇరవై. వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు వచ్చాడు. దారి పక్కనున్న ముందు మూడు వరసలూ ఈ నెల మొదటివారంలో కట్టినవి. చివరి వరస ఏడో తారీఖున.

పదకొండు రోజులు మావ భార్య రత్నాలమ్మత్త వాకిలి దాటదు. అందుకని నన్ను పిలిచింది.

"పొద్దున్నే నీల్లు సల్లీసి ఎలిపో. టోపీ ముట్టుకోకు. ఇరవై ఒక్క రోజులు గాలి తగలకూడదు. మీ మావ సెప్పీవోడు కాదేటి?"

"అత్తా, నేను బాటనీ."

"అందుకే మల్లీ సెప్తన్నాను."

జూన్ 13

నీళ్లు చల్లాను. మొక్కల ఆరోగ్యాన్ని పరిశీలించాను. దూరం నుంచి.

జూన్ 14

నీళ్లు. పరిశీలన. దూరం నుంచి.

జూన్ 15

దూరం నుంచి.

జూన్ 17

మా అమ్మ దమయంతి ఒక ప్రశ్న వేసింది. "నూట అరవై మొక్కలకి నీల్లు సల్లడానికి గంటన్నరేటిరా? తానం సేయిత్తన్నావేటి వాటికి?"

బిందుసేద్యం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

జూన్ 19

పెద్దకర్మ. ఫ్లెక్సీ బాధ్యత నాకు అప్పగించారు, ఊళ్లో తప్పుల్లేకుండా రాసేవాణ్ణి నేనొక్కణ్ణేనని. ఫొటో దగ్గర చిక్కొచ్చింది. మావకి ఉన్నది ఆధార్ కార్డు ఫొటో ఒక్కటే. అందులో ఆయన అప్పుడే కోడిపందెంలో పట్టుబడ్డవాడిలా ఉన్నాడు. ఫ్లెక్సీ కొట్టు కుర్రాడు దానికి నీలం మేఘాలూ, రెండు పావురాలూ తగిలించి, "నవ్వు కూడా పెట్టమంటారా? కంప్యూటర్లో అవుద్ది," అన్నాడు. వద్దన్నాను. మావ నవ్వితే పై పళ్లు రెండు కనిపించవు. అది కంప్యూటరుకు తెలియదు.

భోజనాల దగ్గర సంతబొమ్మాళి వైపు రైతు తిరుపతిరావు కనిపించాడు. నూట అరవై అంట్లూ ఆయనవే. కావాలని రెండేళ్ల కిందటే చెప్పుకున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో సంచీ, ఎదటివాడికి చెవుడున్నట్టు మాట్లాడతాడు.

"మొక్కలెలాగున్నాయి?"

"దివ్యంగా ఉన్నాయి."

"నువ్వేనా సూసుకుంతన్నావు?"

"నేనే. దూరం నుంచి."

జూన్ 20

తిత్లీ తుపాను నాటికి నేను పదో తరగతి. తెల్లారేసరికి మా ఉద్దానంలో నిలబడ్డ చెట్టంటూ లేదు. పెద్దవాళ్లందరూ గట్ల మీద కూలబడి ఏడుస్తుంటే, మావ పడిపోయిన తోటల్లోంచి దూరుకుంటూ ఒక చెట్టు కోసం వెతికాడు. వేళ్లు సగం పైకి లేచి పక్కకి పడుకుని ఉంది అది. ఆకు మాత్రం పచ్చగా ఉంది. దాని పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి, తల మీద పెట్టుకుని వచ్చాడు. అందరూ పిచ్చోడన్నారు. నేను నవ్వాను కూడా.

ఇప్పుడు మా చుట్టుపక్కల కొత్త జీడితోటల్లో సగం ఆ చెట్టు పిల్లలే. ఆ చెట్టు కూడా పడుకునే కాపు కాస్తోంది.

ఇది చేతిరాత కోసమే రాశాను.

జూన్ 24

నీళ్లు. పరిశీలన.

జూన్ 28

ఇరవై ఒకటో రోజు. ఈ రోజు పరిశీలన చేయలేదు. చేయడానికి మిగల్లేదు.

పై వాక్యానికి అర్థం లేదు. కొట్టేయాలి.

జూన్ 29

అత్త మొదటిసారి దొడ్లోకి వచ్చింది. వెనక వరస నుంచి టోపీలు తీయడం మొదలుపెట్టింది. మొదటి టోపీ కింద ఎర్రటి చిగురు, పిల్లి నాలుకంత. రెండో దాని కింద అలాగే. మూడో దానికి అత్త నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని. "ఓలమ్మ, సూడ్రా పెకాసా, మీ మావ లేచొచ్చినట్టే నేదూ!"

వెనక అయిదు వరసల్లో నూటికి తొంభై నాలుగు పట్టాయి.

ముందు మూడు వరసల్లో అరవైకి అరవై పుల్లలూ నల్లబడి ఎండిపోయాయి.

అత్త చాలాసేపు ఒక నల్లపుల్లను వేళ్లతో తిప్పుతూ నిలబడింది. నేను, ఒక పట్టభద్రుడిగా, ఎండిన పుల్లలను ఇంకోసారి లెక్కపెట్టాను.

జూలై 2

తిరుపతిరావు వచ్చి చూశాడు.

"ఏటమ్మా ఇది? ఎనకాలయి బంగారంలాగున్నాయి. ముందరయి ఆకర్న కట్టినవా?"

"అవును బావూ."

"అదీ సంగతి. మనిసి కన్నా ముందు సెయ్యి ఎలిపోనాది." మాటలో ద్వేషం లేదు. జాలిగా, పదిళ్లకు వినిపించేలా అన్నాడు. "తొంభై నాలుగూ అట్టుకెల్తాను. మరి మా ఊల్లో నిరుడు కట్టించుకున్నోల్లున్నారు. అప్పుటికే డయాలసిస్సు కదా! ఆ మొక్కలెలాగుంతాయో ఏటో."

అత్త తల దించుకుంది. "సివర్లో వణికేదిలే బావూ," అంది.

వణకలేదు.

నాకు తెలుసు. ఏడో తారీఖున చివరి వరస కడుతున్నప్పుడు పరీక్షకుణ్ణి నేనే. సిమెంటు సంచీ మీద కూర్చుని ఒక్కొక్క మొక్కా ఎత్తి నా కళ్ల ముందు పెట్టాడు. "పుల్లకీ మొక్కకీ మద్దిన ఎలుగు కనబడితే సెప్పరా సైంటిస్టూ." ఇరవైకి ఇరవై చూశాను. ఒక్కదానిలోనూ వెలుగు కనబడలేదు.

ఈ మాట నేను అక్కడ అనవచ్చు. అంటే, మరెందుకు ఎండిపోయాయని అడుగుతారు. శాస్త్రంలో కారణాలు అనేకం. ఎండ. తేమ. శిలీంధ్రం.

జూలై 3

ఎండ. తేమ. శిలీంధ్రం.

జూలై 5

సోంపేట సంత నుంచి అమ్మ వార్త తెచ్చింది. టీ కొట్టు దగ్గర తిరుపతిరావు చెప్పిన సంగతి సంతంతా తిరిగిందట. నిరుడు మావ దగ్గర మొక్కలు కొన్న ఒకాయన, అవన్నీ పీకేసి వేరేచోట తెచ్చి వేసుకుందామా అని ఆలోచిస్తున్నాడట. ఈ ఏడాది చెప్పుకున్నవాళ్లు ఇద్దరు అక్కర్లేదన్నారట.

"ముప్పయ్యేల్ల పేరు, మూడు వరసల్లో కొట్టుకుపోనాది," అంది అమ్మ.

సాయంత్రం దడి కంతలోంచి చూశాను. అత్త మావ కత్తికి కొబ్బరినూనె రాసి, పాత పంచె గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెడుతోంది.

"ఏటత్తా, దాచీస్తన్నావు?"

"ఇంక సాల్లే నాయినా. ఈ తడవతో సరి. నర్సరీ ఎత్తీద్దాం. ఆయన సెయ్యే పోతే మన సెయ్యేటి?"

జూలై 6

ఈ రోజు అన్నం సహించలేదు. శిలీంధ్రం.

జూలై 8

తిరుపతిరావు చిన్న వ్యాను వేసుకుని తొంభై నాలుగు మొక్కలకీ వచ్చాడు. నేనే ఎక్కించాను. ఆఖరిది ఎక్కించాక ఆయన డ్రైవరుతో, "మంచోడే పాపం, ఆకర్న సెయ్యి పోనాది," అని ఇంకోసారి అన్నాడు. ఆ ఒక్కసారి అనకుండా ఉంటే నేను ఈ పేజీ రాసేవాణ్ణి కాదేమో.

"తిరుపతిరావు గారూ, ఒక చిన్న సాంకేతిక వివరణ."

"ఏటి?"

"చెయ్యి పోలేదు. ఆ అరవై టోపీలూ నేనే విప్పాను."

"ఏటి విప్పినావు?"

"టోపీలు. పొద్దున్న పూట. విప్పి, చూసి, మళ్లీ కట్టేసేవాణ్ణి."

"ఎందుకూ?"

"పట్టిందో లేదో చూద్దామని."

ఆయన వేయబోతున్న వ్యాను తలుపు వదిలేశాడు. నేను అత్త వైపు చూడలేదు. అత్త గొంతు మాత్రం వచ్చింది, చాలా నెమ్మదిగా.

"ఏనాటి నుంచి?"

"మావ పోయిన నాలుగో నాటి నుంచి. పదిహేను రోజులు."

నీళ్లు చల్లే రేకు డబ్బా గాల్లో రావడం చూశాను. మోకాలి కింద తగిలింది. అత్త గురి గురించి ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు.

"వారం రోజులై నా మొగుడి సెయ్యిని ఊరూరా ఆడిపోసుకుంతంటే వింటా కూకున్నావురా? నానూ అనుకున్నాను కదరా! లోపల లోపల నానూ అనుకున్నాను, ఈ మనిసి సెయ్యి వణికింది, నా కాడ దాసినాడు అని! పోయినోడి మీద కోపమెట్టుకుని పడుకున్నాను కదరా గుంటడా!"

దీనికి నా దగ్గర హాస్యం లేదు. వెతికాను, లేదు.

తిరుపతిరావు సిమెంటు సంచీ మీద కూలబడ్డాడు. "అయితే సెయ్యి పోనేదన్నమాట." తల పట్టుకున్నాడు. "ఓరి నీ బాటనీ తగలెయ్య! సోంపేటలో ఇరవైమందికి సెప్పీసినాను కదరా! ఇప్పుడా ఇరవైమందికీ ఎవుడు సెప్తాడు?"

"నేను చెప్తాను."

"నువ్వే సెప్పాల. నాకు నోరెక్కడిది?"

నోరు లేకపోవడమన్నది ఆయన విషయంలో మొదటిసారి.

జూలై 12

సోంపేట సంత. తిరుపతిరావు బండి వెనక కూర్చుని వెళ్లాను. టీ కొట్టు బల్ల దగ్గర నన్ను నిలబెట్టి, "ఈడేనండి, ఈడే," అని పరిచయం చేశాడు. నేను గొంతు సవరించుకుని, అంటు కట్టిన వారానికే టోపీ విప్పితే పుల్ల ఎలా ఆరిపోతుందో వివరించాను. జనం శ్రద్ధగా విన్నారు. కాలేజీలో సెమినారుకు ఇంతమంది రాలేదు.

"నువ్వేటి సదివినావు బాబూ?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"బాటనీ అండి."

"అది మొక్కలు సంపే సదువా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నిరుడు మొక్కలు కొన్నాయన మాత్రం నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "అయితే పీకక్కర్నేదు," అన్నాడు. తనలో తను అనుకున్నట్టే అన్నాడు గానీ, నాకు ఆ మాట డిగ్రీ సర్టిఫికెట్టు కన్నా బరువుగా అనిపించింది.

వెళ్లేటప్పుడు తిరుపతిరావు ఒక మాటన్నాడు. "ఆ అరవై మొక్కలూ నాకు బాకీరా నువ్వు."

జూలై 13

అత్త అయిదు రోజుల తరవాత మాట్లాడింది. దడి అవతల నుంచే.

"ఒరే. సంతలో సెప్పినావట."

"చెప్పానత్తా."

"కత్తి తీసినాను. పిల్లమొక్కలు సావనేదు. పుల్లలే సచ్చినాయి. కింద సిగురేత్తన్నాయి, సూసినావా?"

చూడలేదు. పదిహేను రోజులుగా నేను ఆ వరసల వైపు కన్నెత్తి చూడలేదు.

"తల్లిసెట్టుకి ఎల్లి, కొమ్మల సివర్ల ఆకులు తుంచీసి రా. వారం ఆగాల, పుల్లలో పాలు నిలవడానికి. తరవాత నువ్వు కడతావు."

"నేనా? హస్తవాసి..."

"హస్తవాసి నేదు, నీ బొంద నేదు. ముప్పయ్యేల్లు పక్కన కూకుని పట్టీ సుట్టినాను, నాకు తెల్దేటి? సెయ్యి కుదురుండాల, తరవాత నోరు మూసుకోవాల. మీ మావ రెండోది సేసీవోడు కాదనుకో."

జూలై 20

పడుకున్న చెట్టు పుల్లలు తెచ్చాను. తడిగుడ్డలో చుట్టి, తల మీద పెట్టుకునే. చేతిలో కూడా తేవచ్చు, కానీ సంప్రదాయం.

పందిరి కింద ఇద్దరం కూర్చున్నాం. మొదటి ఆరు పుల్లలూ అత్త విసిరి అవతల పారేసింది. ఏడో దాన్ని పిల్లమొక్క చీలికలో దిగేసి, ఎత్తి వెలుగుకు పెట్టి చూసి, "ఊఁ," అంది. పట్టీ చుట్టాను. టోపీ తీశాను. తడి పాలిథిన్ కనుక రెండు పొరలూ అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు. గోళ్లతో గీకుతున్నాను.

"అలాగ కాదురా. నోటితో ఊదు. మీ మావ ఎలాగూదీవోడు, సూళ్లేదేటి? ఊదీసి, ఉబ్బుండగానే తొడిగీయాల."

ఊదలేకపోయాను. అత్త తనే లాక్కుని ఊదింది. రెండోది నేను ఊదాను.

అరవై అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మిగతాది ఈ రోజు రాయలేను.

జూలై 27

నీళ్లు మాత్రమే. అత్త గట్టు మీద కూర్చుని కాపలా కాసింది, మొక్కలకి కాదు, నాకు.

ఆగస్టు 10

ఇరవై ఒకటో రోజు. టోపీలు అత్తే తీసింది. తిరుపతిరావు, పిలవకుండానే, పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు.

అరవైలో నలభై మూడు.

"మొదటి తడవకి బాగానే ఉన్నాదిలే," అంది అత్త. మావకి మొదటిసారి ఎన్ని పట్టాయని అడిగాను. చెప్పలేదు. "అయి ఎందుకు నీకిప్పుడు," అంది, మొహం పక్కకి తిప్పుకుని. నలభై మూడు కన్నా తక్కువేనని నా శాస్త్రీయ అంచనా. తిరుపతిరావు తన నలభై మూడూ లెక్కపెట్టుకుని, మిగతా పదిహేడూ మళ్లీ కట్టమని చెప్పి, వచ్చే ఏడాదికి ఇంకో రెండు వందలు చెప్పుకున్నాడు. ఎవరి పేరు మీద రాయమంటారని అత్త అడిగింది. "అదేటమ్మా, అప్పలస్వామి నర్సరీయే కదా," అన్నాడాయన, చుట్టుపక్కల అందరికీ వినిపించేలా.

పేజీ ఇంకా మిగిలి ఉంది కనుక, ఒక సంగతి. సంతలో గానీ, అత్త ముందు గానీ నేను చెప్పింది నిజం కాదు. పట్టిందో లేదో చూడటానికి నేను టోపీలు విప్పలేదు. వారం రోజులకే చూడటానికి ఏమీ ఉండదని నాకు తెలుసు, ఆ ప్రశ్నకు పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి.

జూన్ పదమూడున నీళ్లు చల్లుతుంటే, మావ టోపీ తొడిగే ముందు ప్రతిదాన్నీ నోటితో ఊదడం గుర్తొచ్చింది. ఆయన్ని కాల్చి వచ్చి నాలుగు రోజులైంది. ఆయన ఊదిన ఊపిరి మాత్రం దొడ్లో నూట అరవై చోట్ల అలాగే కట్టేసి ఉంది. ఒకటి విప్పి, మొహం దగ్గర పెట్టుకున్నాను.

పాలిథిన్ వాసన వచ్చింది.

ఇంకొకటి విప్పాను.